నాలుగు సినిమాల డిస్కుకి ఒకటే మార్కు వేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో పాత ఇంగ్లిష్ సినిమాల మీద వచ్చే శీర్షికను నేను వదలకుండా చదువుతాను. కథ ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతారు, తీసిందెవరో, ఏ ఏడాది వచ్చిందో చెప్తారు, అంతా బాగుంటుంది. చివర్లో మాత్రం "నాలుగైదు సినిమాలు కలిపిన డిస్కుల్లో చవగ్గానే దొరుకుతుంది, చూసేయండి" అని ఒక ముక్క పడేసి వెళ్లిపోతారు. నా గొడవంతా ఆ ముక్కతోనే. దొరకడం వేరు, చూడదగ్గట్టు దొరకడం వేరు. గుంటూరులో చాలా ఏళ్లు సీడీలు, డీవీడీలు అద్దెకిచ్చే షాపు నడిపినవాణ్ణి కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను. షాపుకొచ్చేవాళ్లు సినిమా బాగుందా అని నన్నెప్పుడూ అడగలేదు, అది వాళ్లకి ముందే తెలుసు. "ప్రింటు ఎలా ఉందన్నా?" అనే అడిగేవాళ్లు. ఆ ప్రశ్న మీ పేజీలో ఎక్కడా కనపడదు.

మొన్న మా బావమరిది డాలస్ నుంచి వస్తూ ఒక డిస్కు తెచ్చాడు. ఐదు డాలర్లు. నాలుగు సైన్స్ ఫిక్షన్ సినిమాలు, డిస్కు మాత్రం ఒక్కటే. కవర్ మీద నాలుగు బొమ్మలున్నాయి, అన్నిటికన్నా పెద్దది డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన ‘ఎగ్జిస్టెన్జ్’ది. నేను తెమ్మన్నదీ దాని కోసమే. డీవీడీలకి దేశాలవారీగా రీజియన్ అనే తాళం ఉంటుంది, అమెరికా డీవీడీలు రీజియన్ 1, మన దేశానిది 5, కాబట్టి పద్ధతిగా ఉండే ప్లేయర్లయితే దాన్ని తీసుకోకుండా బయటికి తోసేస్తాయి. నా దగ్గరున్నది పద్ధతీ పాడూ లేని పాత చవక ప్లేయర్, ఏది పెట్టినా ఆడుతుంది, అదొక అదృష్టం.

ఈ సినిమా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1999లో వర్చువల్ రియాలిటీ మీద, ఉత్తుత్తి లోకాల మీద ఇంగ్లిష్‌లో వరసగా సినిమాలు పడ్డాయి. మార్చి ఆఖర్లో ‘మేట్రిక్స్’ వచ్చింది, ఏప్రిల్ 23న ‘ఎగ్జిస్టెన్జ్’, మే చివర్లో ‘థర్టీన్త్ ఫ్లోర్’. మొదటిది ప్రపంచమంతా ఊపేసింది, మిగతా రెండూ ఆ గాలికి కొట్టుకుపోయాయి. ‘ఎగ్జిస్టెన్జ్’కి అమెరికా మొత్తం మీద 30 లక్షల డాలర్లు కూడా రాలేదు. అలాగని ఆషామాషీ సినిమా కాదు, ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో దానికి సిల్వర్ బేర్ ఇచ్చారు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కి సంగీతం చేసిన హోవర్డ్ షోరే దీనికీ చేశాడు. జెన్నిఫర్ జేసన్ లీ వీడియో గేములు తయారుచేసే ఆవిడ, ఆవిణ్ణి చంపితే డబ్బిస్తామని ఒక ముఠా ప్రకటిస్తుంది, జూడ్ లా ఆవిణ్ణి వెంటబెట్టుకుని పారిపోతుంటాడు. 1995లో క్రోనెన్‌బర్గ్ ఒక పత్రిక కోసం సల్మాన్ రష్దీని ఇంటర్వ్యూ చేశాడు, ఈ ఆలోచన అక్కడ మొలిచిందే. రష్దీని ఆయన రాసిన నవల కోసం చంపమని ఫత్వా జారీ అయింది కదా, అలాంటిది రచయిత మీద కాకుండా గేమ్ డిజైనర్ మీద పడితే ఎలా ఉంటుందన్నమాట.

అసలు గమ్మత్తు ఏంటంటే, ఇది కంప్యూటర్ ఆటల సినిమా, కానీ ఇందులో కంప్యూటర్ తెర కనపడదు. పచ్చరంగు అంకెలు జలజలా రాలవు, నెత్తికి హెల్మెట్లు తగిలించుకోరు. ఆట ఆడే యంత్రం మాంసం ముద్దలాగా మెత్తగా కదులుతూ ఉంటుంది, దాని తాడు తీసి వెన్నెముక కింద వేసిన రంధ్రంలో గుచ్చుకుంటారు. ఆ రంధ్రం వేసేది ఒక పెట్రోలు బంకువాడు, విలెమ్ డఫో. ఆటలోకి వెళ్లాక కూడా లోకం అలాగే ఉంటుంది, అవే గోధుమరంగు గోడలు, అదే మసక వెలుతురు, అదే తడి. ఏది నిజం, ఏది ఆట అనేది బొమ్మను చూసి పట్టుకోలేకపోవడమే ఈ సినిమాకి ప్రాణం. 1992లో వచ్చిన ‘లాన్‌మోవర్ మ్యాన్’ లాంటి వాటిలో కంప్యూటర్ బొమ్మ మొదలవగానే ఆట మొదలైందని పిల్లాడికైనా తెలిసిపోతుంది, వాటి బొమ్మ కాస్త పాడైనా పెద్ద నష్టం లేదు. దీనికి మాత్రం బొమ్మ చెడితే సినిమా చెడినట్టే.

ఇప్పుడు డిస్కు సంగతి. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 జీబీ. నాలుగు సినిమాలు, ఒక్కొక్కటి గంటన్నర పైమాటే, కలిపి 400 నిమిషాలు అనుకోండి, అంటే 24,000 సెకన్లు. 8.5 జీబీ అంటే 6,800 కోట్ల బిట్లు. బిట్టు అంటే డిస్కు మీది సమాచారంలో అతి చిన్న ముక్క, సెకనుకి అవి ఎన్ని ఎక్కువ పడితే బొమ్మ అంత తేటగా ఉంటుంది. భాగించి చూస్తే సెకనుకి వచ్చేది 28 లక్షల బిట్లు, బొమ్మకీ సౌండుకీ అన్నిటికీ కలిపి. డీవీడీలో ఒక్క బొమ్మకే సెకనుకి 98 లక్షల దాకా వాడుకోవచ్చు, ఒక సినిమాకి ఒక డిస్కు ఇచ్చి శ్రద్ధగా చేసినవాళ్లు 50 లక్షలకి తగ్గరు. అంటే కావలసినదాంట్లో సగం ఇచ్చి సర్దుకోమన్నారు, షేర్ ఆటోలో పన్నెండుమందిని కుక్కినట్టు. ఈ లెక్కకి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, డిస్కును కంప్యూటర్లో పెట్టి ఫోల్డర్ తెరిస్తే ఏ సినిమాకి ఎన్ని జీబీలు పడ్డాయో ఫైళ్ల సైజులే చెప్పేస్తాయి. నా డిస్కులో ఈ 97 నిమిషాల సినిమాకి దక్కింది రెండు జీబీలు.

మీ రివ్యూయర్లకి ఇది చాదస్తంగా అనిపించొచ్చు. అందుకని ఒక సీను చెప్తాను. చైనీస్ హోటల్లో జూడ్ లా స్పెషల్ ఆర్డర్ చేస్తాడు. ప్లేటులో వచ్చేవి కప్పో బల్లో తెలియని జీవాలు, జిగురు జిగురుగా ఉంటాయి. అసహ్యపడుతూనే తింటూ, తింటూ తింటూనే మిగిలిన ఎముకలు ఒకదానికొకటి బిగిస్తూ పోతాడు, చివరికి చూస్తే చేతిలో తుపాకీ తయారై ఉంటుంది. తూటాలకి బదులు పళ్లు, అవి తన నోట్లోంచే తీస్తాడు. సీను మొత్తం నడిచేది ఎముక మీది మెరుపుతో, వేళ్లకంటిన జిగురుతో, ఏ ముక్క ఎక్కడ ఇమిడిందో కళ్లారా చూడటంతో. ఈ డిస్కులో ఆ ప్లేటు ఒక గోధుమరంగు మడ్డి, అంతే. చెయ్యి కదిలినప్పుడల్లా దాని చుట్టూ చిన్న చిన్న చదరాలు లేస్తాయి, వెనక గోడ మీది నీడ మెట్లు మెట్లుగా విడిపోతుంది. తుపాకీ ఎలా వచ్చిందో తెలియదు, మేజిక్ షోలో పావురంలాగా ఊడిపడుతుంది. సినిమా మొదలే ఒక పాత చెక్క హాల్లో, గుంపుగా కూర్చున్న జనం మధ్య, మసక వెలుతుర్లో. అక్కడైతే వెనక వరసల్లో మొహాలు గోడలో కలిసిపోయాయి.

అంతకన్నా ఘోరం ఏంటంటే, ఆ చదరాలు లేచినప్పుడల్లా కొత్తగా చూసేవాడు "ఓహో, ఇది ఆట లోపలన్నమాట" అనుకుంటాడు. డైరెక్టర్ అంత కష్టపడి దాచిపెట్టిన గీతను డిస్కు చేసినవాడు తన ఇష్టమొచ్చిన చోట గీసిపడేశాడు. దీనికి నవ్వొచ్చే ఉదాహరణ కూడా ఒకటుంది. ఈ సినిమాలో ఆటలోని మనుషులు ఎదుటివాడు సరైన డైలాగ్ చెప్పేదాకా ముందుకు కదలరు. ఒక షాపు ఓనరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, తల ఆడిస్తూ అలాగే నిలబడిపోతాడు. మా బావమరిది చటుక్కున లేచి "బావా, డిస్కు ఇరుక్కుంది" అంటూ ప్లేయర్ దగ్గరికి పోయి, బయటికి తీసి, లుంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ అక్కడే ఆగింది. అప్పుడు చెప్పాను, ఆగింది డిస్కు కాదురా, వాడేనని. అతని తప్పేం లేదు లెండి, అంతకుముందు అరగంటలో బొమ్మ అన్నిసార్లు తడబడింది మరి.

సౌండు గురించి ఎక్కువ చెప్పను. ఐదు స్పీకర్ల సౌండు పెట్టాలంటే మామూలుగా సెకనుకి 4.48 లక్షల బిట్లు పడుతుంది, రెండు స్పీకర్లతో సరిపెడితే 1.92 లక్షలతో అయిపోతుంది, ఉన్నదే 28 లక్షలైనప్పుడు కోత ఎక్కడ పడుతుందో ఊహించుకోండి. ఆ మాంసపు యంత్రం మూలుగులు, చేపల ఫ్యాక్టరీలో నీళ్ల చప్పుడు, అన్నీ టీవీ ముందు భాగంలోనే ముద్దగా వినిపించాయి. సరే, మన ఇళ్లలో ఎందరికి ఐదు స్పీకర్లున్నాయి కనుక, దాన్ని వదిలేస్తున్నాను.

వదలనిది సబ్‌టైటిల్స్. నాలుగు సినిమాల్లో ఒక్కదానికీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ లేవు. ఇక్కడ చోటు లేదన్న సాకు చెల్లదు, ఒక సినిమా సబ్‌టైటిల్స్‌కి పట్టేది కొన్ని ఎంబీలు మాత్రమే, 8.5 జీబీలో అది లెక్కలోకే రాదు. అంటే చోటు లేక కాదు, ఖర్చు దండగని తీసేశారు. క్రోనెన్‌బర్గ్ మనుషులు గొణుక్కుంటారు, రహస్యాలు చెప్పుకుంటారు, అందులో కొందరు కావాలని వింత యాసలో మాట్లాడతారు. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోగలిగి, విని మాత్రం పట్టుకోలేనివాళ్లు మన తెలుగువాళ్లలో లక్షలమంది ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి, ఇందులో సిగ్గుపడేదేం లేదు. వినికిడి తక్కువైనవాళ్ల సంగతి సరేసరి. ఇలాంటి డిస్కు గురించి "చవగ్గా దొరుకుతుంది, చూసేయండి" అని రాసేముందు సబ్‌టైటిల్స్ ఉన్నాయా లేవా అన్న ఒక్క మాట రాయకపోవడం నాకు నచ్చలేదు.

మిగతా మూడు సినిమాలా? ఒకటి పూర్తిగా చూశాను, రెండోది సగంలో ఆపేశాను, మూడోదానికి ఓపిక లేకపోయింది. రోబోలు, ఎడారి, పేలుళ్లు. అవీ ఎవరికో ఒకరికి నచ్చుతాయి, నేను కాదనను. కానీ ఒక్కటి గమనించండి: ఆ మూడింటికీ తలా రెండు జీబీలు, దీనికీ రెండు జీబీలే. జనం కొనేది ఏ బొమ్మ చూసో తెలిసే దాన్ని కవర్ మీద పెద్దదిగా వేశారు, మరి డిస్కు లోపల ఆ పెద్దరికం ఏమైంది? ‘ఎగ్జిస్టెన్జ్’ ఒక్కదానికి నాలుగు జీబీలు ఇచ్చి, మిగిలిన నాలుగున్నరా ఆ మూడింటికీ పంచి ఉంటే, ఇదే ఐదు డాలర్లకి, ఇదే డిస్కులో, పైసా ఖర్చు పెరగకుండా బొమ్మ రెండింతలు నిలబడేది. సమానంగా పంచడం ఇక్కడ న్యాయం కాదు, బద్ధకం.

అలాగని ఈ డిస్కులో మంచేమీ లేదనను. బొమ్మ వెడల్పు సరిగ్గా ఉంది. ఎత్తుకి 1.85 రెట్లు వెడల్పుతో తీసిన సినిమాను పాత టీవీ చదరానికి నరికితే నాలుగో వంతుకు పైగా బొమ్మ పోతుంది, ఆ పాపం వీళ్లు చేయలేదు. రంగులు కూడా అటూఇటుగా సరైనవే, ఎక్కడో మంచి మాస్టర్ (కాపీలు తీసే మూల ప్రతి) నుంచే తీసుకున్నారని తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా ఒళ్లు మండుతుంది. సరుకు మంచిది, మూట కట్టడంలో చెడగొట్టారు.

ఇలాంటి సినిమాలు ఈ డబ్బాల్లోకి ఎలా వచ్చి పడతాయో కూడా మీ పేజీలో ఎవరైనా రాస్తే బాగుంటుంది. దీన్ని అమెరికాలో విడుదల చేసింది మీరామాక్స్ వాళ్ల విభాగమే. ఆ మీరామాక్స్‌ను 2010లో డిస్నీ అమ్మేసింది. ఆ తర్వాత వందల సినిమాల డిస్కు హక్కులు టోకున చేతులు మారాయి. టోకున కొన్నవాడు హిట్టు సినిమాను విడిగా అమ్ముకుంటాడు, ఫ్లాపును నాలుగింటితో కలిపి కట్ట కడతాడు. వ్యాపారం అన్నాక అది మామూలే, మేమూ షాపులో ఆడని సినిమా సీడీలని ‘ఒకటి అద్దెకు తీసుకుంటే ఒకటి ఉచితం’ బోర్డు కింద పెట్టినవాళ్లమే.

ఇక్కడ కొందరు అనే మాట నాకు తెలుసు: "ఐదు డాలర్లకి ఇంకేం కావాలండీ, నాలుగు సినిమాలొచ్చాయిగా!" ఒక్క డాలరే పెట్టినా, కవర్ మీద చెప్పిన సినిమా లోపల కనపడాలి కదా. చవక అంటే నాసిరకమే అనుకోవడం మనకి అలవాటైపోయింది కానీ అలా ఉండి తీరాలని ఏం లేదు. 2007లో డిస్కుల కంపెనీ మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి తెచ్చి పెట్టినప్పుడు మా లైన్‌లో అందరికీ గుండె ఆగినంత పనైంది, పైరసీ డిస్కు ధరకే ఒరిజినల్ దొరికితే అద్దెకెవడు తీసుకుంటాడని. మా వ్యాపారానికి దెబ్బే, కానీ 34 రూపాయల్లో ఒక సినిమాకి ఒక డిస్కు ఇవ్వొచ్చని అప్పుడే తెలిసింది.

మన తెలుగు త్రీ ఇన్ వన్ డిస్కుల గురించి చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి. చోటు చాలక పాటలు ఎత్తేసినవి చూశాను, కంపెనీ ముద్ర హీరోయిన్ నుదుటి మీద మూడు గంటలూ అలాగే ఉండిపోయినవి చూశాను, ఇంటర్వెల్ ముందు సీను మధ్యలో చీరల షాపు అడ్రసు పాకుతూ పోయినవీ చూశాను. ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో తెలుగులో వచ్చిన తొలి సినిమాస్కోప్ చిత్రం, అంటే బాగా వెడల్పు తెర సినిమా. స్కోప్ బొమ్మను పాత టీవీ చదరానికి నరికితే నూటికి నలభై పాళ్లకు పైనే పోతుంది, అడవీ కొండలూ పోయి మొహాలు మిగులుతాయి. అలాంటి కాపీ చూసి "ఆ రోజుల్లో ఫొటోగ్రఫీ అంతేనేమో" అనే కుర్రాళ్లని ఏమనగలం? వాళ్లు చూసింది సినిమాను కాదు, దాన్ని నరగ్గా మిగిలిన ముక్కను. రేపు ‘ఎగ్జిస్టెన్జ్’ గురించి కూడా ఈ డిస్కు చూసినవాడు అదే అంటాడు, బొమ్మ మసగ్గా ఉంటుంది, కథ అర్థం కాదు అని. సినిమాకి ఒకటిన్నర స్టార్ వేసి పోతాడు. ఆ స్టార్లు పోగొట్టింది ఎవరో ఎవరూ అడగరు.

కాబట్టి నేను అడిగేది చిన్న విషయమే. సినిమాకి వేసే మార్కులు సినిమాకి వేయండి, కాపీకి వేసేవి కాపీకి వేయండి, రెండూ కలిపి కలగాపులగం చేయకండి. నాలుగు సినిమాల డిస్కయితే ఎవరు ఏ సినిమా కోసం కొంటారో దాన్ని పట్టుకుని చెప్పండి, మిగతా మూడూ కొసరు అనుకోండి. నన్నడిగితే ఈ డిస్కులో సినిమాకి పదికి ఎనిమిది వేస్తాను, కాపీకి మూడు, ఆ మూడూ వెడల్పు సరిగ్గా ఉంచినందుకు, రంగులు పాడుచేయనందుకు. సినిమా ముందే చూసి మళ్లీ ఒకసారి కథ గుర్తు చేసుకుందామనుకునేవాళ్లు తీసుకోవచ్చు, మొదటిసారి చూసేవాళ్లు మాత్రం వద్దు.

నిడివి విషయంలో కూడా ఒక మాట రాస్తే చాలామందికి టెన్షన్ తప్పుతుంది. మన దేశంలోనూ, యూరప్‌లోనూ వాడే పాల్ అనే టీవీ పద్ధతి డీవీడీల్లో సినిమా సెకనుకి 24 బదులు 25 ఫ్రేములు పరుగెత్తుతుంది. అందుకే 97 నిమిషాల సినిమా 93 నిమిషాల్లో అయిపోతుంది. అది చూసి సీన్లు కోసేశారని షాపులో నాతో పోట్లాడినవాళ్లున్నారు. ఇంకా ఇప్పుడు బ్లూరేల కాలం కాబట్టి రీజియన్ కూడా చెప్పాలి: అమెరికాది ఎ, యూరప్‌ది బి, మనది సి. తాళం వేసిన డిస్కయితే మూడువేలు పోసి తెప్పించుకున్నా ఇక్కడి ప్లేయర్ దాన్ని ముట్టుకోదు. ఇవన్నీ పెట్టడానికి మీకు పేజీ అక్కర్లేదు, సినిమా పేరు కింద రెండు లైన్లు చాలు. బొమ్మ వెడల్పు, నిడివి, రీజియన్, డిస్కులో ఎన్ని సినిమాలు కుక్కారు, సబ్‌టైటిల్స్ ఉన్నాయా లేవా. అన్నీ వేయడానికి కుదరకపోతే ఆ చివరిదొక్కటైనా వచ్చే ఆదివారం నుంచే వేయడం మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒకప్పటి సీడీ షాపువాడు,
గుంటూరు